విద్యార్థి గదిలో శక్తి పొదుపు: ఆముదపు దీపము మొదలు నేటి వరకు

చదువునకు, దీపమునకు ఉన్న సంబంధము చాల పాతది. పగలంతా పొలములోనో ఇంటి పనిలోనో గడిపిన పిల్లవానికి పుస్తకము పట్టుకొనే వేళ రాత్రియే. ఆ రాత్రి ఎంతసేపు చదువవచ్చునో నిర్ణయించినది వాని శ్రద్ధ ఒక్కటే కాదు. ప్రమిదలో మిగిలిన నూనె కూడ. అందుచేత శక్తిని పొదుపుగా వాడుకొనుట అనేది విద్యార్థికి కొత్తగా నేర్పవలసిన విషయము కాదు. తరతరాలుగా విద్యార్థులు ఆ పని చేస్తూనే వచ్చినారు. ఐతే పొదుపు చేయవలసిన చోటు మాత్రము కాలముతోబాటు మారినది. తాతలనాడు అది దీపము. నేడు అది దీపము కాదు. ఈ మార్పు ఎట్లు వచ్చినదో తెలియకపోతే నేటి విద్యార్థి చేసే పొదుపులో చాలభాగము గురి తప్పుతుంది.

ఈ చరిత్రను పరిశీలించుటకు వనపర్తి జిల్లాలోని వీపనగండ్ల ప్రాంతము మంచి ఉదాహరణము. ఈ ప్రాంతము కృష్ణానదికి ఉత్తరపు ప్రక్కన, ఎగువన జూరాల, దిగువన శ్రీశైలము జలాశయములకు నడుమ ఉన్నది. ఒకనాడు ఇక్కడి దీపములోని నూనె ఇక్కడి చెల్కలలోనే పండినది. తరువాతి కాలములో ఇంటింటికి వచ్చిన విద్యుచ్ఛక్తిలో కొంత ప్రక్కనున్న నది నుండియే పుట్టినది. శక్తి ఎక్కడి నుండి వస్తున్నది, దానికి ఎవరు ఏమి వెల ఇస్తున్నారు అనే ప్రశ్నలు ఇక్కడ పుస్తకములోని ప్రశ్నలు కావు. కంటికి కనబడే విషయములు.

ఆముదము, గ్యాసు నూనె

పాలమూరు మెట్టభూములు ఆముదపు పంటకు పేరుపడినవి. నీరు తక్కువైనా, నేల సారము తక్కువైనా ఆముదపు చెట్టు తట్టుకొని నిలుస్తుంది. నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని పాలెములో ఉన్న వ్యవసాయ పరిశోధన కేంద్రము ఆముదపు వంగడములపై చేసిన కృషికి ప్రసిద్ధి పొందినది. గింజలను వేయించి, దంచి, నీళ్లలో కాచి తీసిన ఆముదము ఇండ్లలో మందుగాను, తలనూనెగాను, దీపపు నూనెగాను ఉపయోగపడినది. ఆముదపు దీపము మెల్లగా, నిలకడగా వెలుగుతుంది. కాని దాని వెలుగు ఒక కొవ్వొత్తి వెలుగును మించదు. భౌతికశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే అది సుమారు 12 ల్యూమెనులు. ఒకే దీపము చుట్టూ ఇంటిల్లపాది కూర్చొని, వంటయో చదువో ఏదో ఒకటి ముగించుకొని, దీపము మలిపి పడుకొనే ఆచారము ఈ కొరత నుండియే పుట్టినది.

పందొమ్మిదవ శతాబ్దము ఉత్తరార్ధములో విదేశముల నుండి కిరసనాయిలు మన దేశమునకు రావడము మొదలైనది. తెలంగాణములో ప్రజలు దానిని గ్యాసు నూనె అన్నారు. గాజు చిమ్నీ ఉన్న లాంతరు గాలికి ఆరిపోదు; దాని వెలుగు ప్రమిద వెలుగుకు మూడు నాలుగు రెట్లు. కొత్త దీపము చదువుకొనే పిల్లలకు మేలు చేసినది, కాని శక్తిని మాత్రము విపరీతముగా వృథా చేసినది. ఒక చిన్న లెక్క దీనిని తెలుపుతుంది. ఒక లీటరు కిరసనాయిలులో సుమారు 10 యూనిట్ల ఉష్ణశక్తి ఉన్నది. (యూనిట్టు అనగా ఒక కిలోవాట్టు చొప్పున ఒక గంటసేపు ఖర్చయ్యే శక్తి.) లాంతరు గంటకు 25 మిల్లీలీటర్లు కాల్చినది అనుకొంటే అది 250 వాట్లతో సమానము. ఇంత శక్తికి ప్రతిఫలముగా వచ్చినది సుమారు 40 ల్యూమెనుల వెలుగు మాత్రమే. మిగిలినదంతా వేడిగాను, కొంత మసిగాను పోయినది. అందుకనే లాంతరు చిమ్నీని ప్రతి సాయంకాలము ముగ్గుతోనో బూడిదతోనో తుడువవలసి వచ్చేది.

ఈ కాలములో పొదుపు అంటే వత్తిని తగ్గించుట. వత్తి తగ్గిస్తే నూనె మిగులుతుంది, కాని అక్షరము కనబడదు. పొదుపు, చదువు ఒకదానికొకటి అడ్డుగా నిలిచిన కాలము అది. నేటికీ శక్తి పొదుపు అనగానే సౌఖ్యమును వదులుకొనుట అని పలువురు భావించుటకు ఈ పాత అనుభవమే కారణము.

తీగల మీద వచ్చిన వెలుగు

దక్షిణ భారతములో పెద్దయెత్తున జలవిద్యుత్తు మొట్టమొదట మైసూరు సంస్థానములో పుట్టినది. 1902లో కావేరి నదిపై శివసముద్రము వద్ద ఉత్పత్తి అయిన విద్యుత్తును కోలారు బంగారు గనులకు తీసుకొని పోయినారు. హైదరాబాదు సంస్థానములో విద్యుచ్ఛాఖ 1910లో ఏర్పడినది. 1920లో హుస్సేనుసాగరు ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రము వచ్చినది. ఆ వెలుగు చాలకాలము నగరమునకు, కొన్ని పట్టణములకు మాత్రమే పరిమితమైనది. స్వాతంత్ర్యానంతరము మాచ్‌ఖండ్, తుంగభద్ర జలవిద్యుత్కేంద్రములు 1950లలో పనిలోకి వచ్చినవి. 1959లో ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్ర విద్యుత్తు బోర్డు ఏర్పడినది. పల్లెలకు తీగలు లాగుటకు అప్పులిచ్చే గ్రామీణ విద్యుదీకరణ సంస్థను కేంద్ర ప్రభుత్వము 1969లో నెలకొల్పినది. అటు తరువాత స్తంభములు పల్లెలలోకి వేగముగా నడచినవి.

తీగతో వచ్చిన మొదటి దీపము తంతువు బల్బు. 60 వాట్ల బల్బు సుమారు 700 ల్యూమెనులు ఇస్తుంది. లాంతరుతో పోల్చితే వెలుగు పదిహేడు రెట్లు ఎక్కువ. ఖర్చయ్యే శక్తి నాల్గవవంతు. పిల్లవాడు దీపము దగ్గరకు వంగి కూర్చొనే అవసరము తీరినది. ఐనను బల్బు పుచ్చుకొన్న శక్తిలో నూటికి తొంబై పాళ్లకు పైగా వేడిగానే పోతుంది. వెలుగుతున్న బల్బును ముట్టుకొన్న వేలు ఈ సంగతిని ఏ పాఠము లేకుండానే తెలిసికొంటుంది. తరువాత వచ్చిన ట్యూబులైటు, చోకుతో కలిపి, సుమారు 50 వాట్లకే 2,400 ల్యూమెనులు ఇచ్చినది.

పొయ్యి దగ్గర మొదలైన పరిశోధన

తెలుగు దేశములో శక్తి పొదుపుపై ప్రయోగశాలలో జరిగిన తొలి ప్రయత్నములలో ఒకటి దీపము మీద కాదు, పొయ్యి మీద జరిగినది. ఇది గమనింపదగిన విషయము. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయములో డాక్టరు ఎస్. పి. రాజు పొగలేని పొయ్యిని రూపొందించినారు. కోట్లాది ఇండ్లకు పొగలేని వంటిండ్లు అనే అర్థము వచ్చే పేరుతో ఆయన ఇంగ్లీషులో వ్రాసిన చిన్న పుస్తకము 1953లో వెలువడినది. ఆ పరిశోధనాలయపు ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరములతో అది హెర్ల్ పొయ్యిగా ప్రసిద్ధమైనది. అంతకుముందు 1947 ప్రాంతములో వార్ధాలోని మగన్‌వాడిలో గ్రామ పరిశ్రమల సంఘమువారు మగన్ చూలా అనే పొయ్యిని ప్రచారములోకి తెచ్చి ఉన్నారు.

రాజుగారి పొయ్యిలోని సూత్రము సులభమైనది. మూడు రాళ్ల పొయ్యిలో మంట నాలుగు ప్రక్కలకు పోతుంది. కట్టెలోని శక్తిలో పదవవంతు గిన్నెకు చేరుట కష్టము. మట్టితో మూసిన దారి కట్టి, ఒకే మంట ఒకదాని తరువాత ఒకటిగా రెండు మూడు గిన్నెల అడుగు నుండి పోయేటట్లు చేసి, చివరకు గొట్టము ద్వారా పొగను బయటకు పంపితే రెండు లాభములు కలుగుతవి. వృథాగా పోయే వేడి రెండవ గిన్నెకు పనికి వస్తుంది. వంట చేసే ఆడవారి కన్నులు, ఊపిరితిత్తులు పొగబారిన పడవు. ఈ ఆలోచన తరువాతి దశాబ్దములలో దేశమంతటా వ్యాపించినది. 1983లో కేంద్ర ప్రభుత్వము మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమమును ప్రారంభించి 2002 వరకు నడిపినది. చాల ఇండ్లలో ఆ పొయ్యిలు గొట్టములు పూడుకొనిపోయి, బాగుచేసేవారు లేక మూలపడిన మాట నిజమే. కాని ఆ ప్రయత్నము నేర్పిన పాఠము విలువైనది. ఇంటిలో వెలుగుకంటె వేడికి ఎన్నో రెట్లు ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. పొదుపు కోరేవారు ముందు వేడి దగ్గరకు పోవలెను.

మునిగిన ఊళ్లు, యూనిట్ల వెల

1963లో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శ్రీశైలము ఆనకట్టకు శంకుస్థాపన చేసినారు. అది మొదట విద్యుచ్ఛక్తి కోసము తలపెట్టిన ప్రాజెక్టు. 1982లో కుడిగట్టున ఉత్పత్తి ఆరంభమైనది. నేడు కుడిగట్టు కేంద్రపు సామర్థ్యము 770 మెగావాట్లు; భూగర్భములో కట్టిన ఎడమగట్టు కేంద్రపు సామర్థ్యము 900 మెగావాట్లు. ఆ ఎడమగట్టు కేంద్రములో 2020 ఆగస్టు 20వ తేదీ రాత్రి అగ్నిప్రమాదము జరిగి తొమ్మిదిమంది మరణించినారు.

జలాశయము నిండుటకు నాటి కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాలలో సుమారు వంద గ్రామములు ఖాళీ కావలసి వచ్చినది. లక్షమంది వరకు ప్రజలు 1981 నాటికి ఇండ్లు, పొలములు విడిచిపెట్టినారు. జటప్రోలులోని మదనగోపాలస్వామి ఆలయమును, కూడవెల్లిలోని సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి మెరకచోటికి తరలించి తిరిగి నిర్మించినారు. గుడి రాళ్లకు సంఖ్యలు వేసి మోయవచ్చును. ఊరిని అట్లు మోయలేరు. నది ఒడ్డున మంచి నేలను పోగొట్టుకొన్న కుటుంబములలో అనేకులకు ఆ నేల మరల దొరకలేదు. వీపనగండ్ల, కొల్లాపురము ప్రాంతములలో ఆ ఊళ్ల పేర్లు పెద్దల మాటలలో నేటికీ వినబడుతవి.

ఆనకట్ట వద్ద ఒక యూనిట్టు విద్యుత్తు పుట్టుటకు ఎంత నీరు పడవలెనో ఉన్నతపాఠశాల విద్యార్థి కూడ లెక్క కట్టవచ్చును. ఒక ఘనమీటరు నీరు, అనగా వెయ్యి కిలోలు, 80 మీటర్ల ఎత్తు నుండి పడినప్పుడు విడుదలయ్యే స్థితిజశక్తి సుమారు 785 కిలోజౌళ్లు. యంత్రముల సామర్థ్యము నూటికి 90 పాళ్లు అనుకొంటే విద్యుత్తుగా మారేది సుమారు 706 కిలోజౌళ్లు. ఒక యూనిట్టు అనగా 3,600 కిలోజౌళ్లు. కనుక శ్రీశైలము వంటి చోట ఒక యూనిట్టుకు సుమారు 5 ఘనమీటర్లు, అనగా 5,000 లీటర్ల నీరు క్రిందికి పోవలెను. జూరాల ఎత్తు తక్కువ. అక్కడ 20 మీటర్ల పాతము అనుకొంటే ఒక యూనిట్టుకు 20,000 లీటర్లు కావలెను. ప్రియదర్శిని జూరాల కేంద్రములో 2008 తరువాత ఆరు యంత్రములు వరుసగా పనిలోకి వచ్చినవి; దాని సామర్థ్యము 234 మెగావాట్లు. దాని దిగువన కట్టిన మరొక కేంద్రపు సామర్థ్యము 240 మెగావాట్లు.

ఇదే నీటిని పైకి ఎత్తుటకు కూడ విద్యుత్తే కావలెను. కొల్లాపురము దగ్గర ఎల్లూరు వద్ద కల్వకుర్తి ఎత్తిపోతల పథకములో శ్రీశైలము జలాశయపు నీటిని 30 మెగావాట్ల పంపులు ఎత్తిపోస్తున్నవి. ఒకచోట నీరు దిగి విద్యుత్తు ఇస్తున్నది. మరొకచోట విద్యుత్తు ఖర్చై నీరు ఎక్కుతున్నది. నీటిని విద్యుత్తుకై ఎప్పుడు వదలవలెను, సాగునకు, త్రాగునకు ఎంత నిలుపవలెను అనే ప్రశ్న కృష్ణా తీరములో ప్రతి సంవత్సరము వస్తూనే ఉన్నది.

తీగలలో కలసిన తరువాత ఏ యూనిట్టు నీటి నుండి వచ్చినదో, ఏది బొగ్గు నుండి వచ్చినదో విడదీసి చెప్పలేము. నేడు రాష్ట్రములో వాడే విద్యుత్తులో బొగ్గు భాగమే పెద్దది. అట్టి యూనిట్టుకు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. ఒక కిలో వరకు బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. నీరైనను, బొగ్గైనను, మీటరులో తిరిగే అంకె వెనుక ఒక నేల ఉన్నది, ఒక ఊరు ఉన్నది.

1973: కొరత నేర్పిన పాఠము

ప్రపంచమునకు శక్తి పొదుపు శాస్త్రవిషయముగా తోచినది 1973లో. ఆ సంవత్సరము అక్టోబరులో పశ్చిమాసియా యుద్ధము వచ్చినది. అరబ్బు దేశములు చమురు ఎగుమతిని తగ్గించినవి. కొద్ది నెలలలో చమురు ధర నాలుగు రెట్లు పెరిగినది. బొగ్గు గనుల వివాదము కూడ తోడై, ఇంగ్లండులో 1974 ఆరంభములో కర్మాగారములకు వారములో మూడు రోజులే విద్యుత్తు ఇచ్చినారు.

అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయములో ఆర్థర్ రోజెన్‌ఫెల్డ్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు అప్పుడు పనిచేస్తున్నాడు. ఆయన ఎన్రికో ఫెర్మీ శిష్యుడు. పరమాణువులోని కణములపై పరిశోధించేవాడు. 1973 నవంబరులో ఒక శుక్రవారము రాత్రి ఇంటికి బయలుదేరినప్పుడు తన అంతస్తులో సుమారు ఇరువది గదులలో దీపములు వెలుగుతూనే ఉన్నవని గమనించినాడు. ఎవరును ఆర్పకపోతే సోమవారము దాక అవి అట్లే వెలుగుతవి. ఆర్పబోతే స్విచ్చులు కనబడలేదు. కొన్ని బీరువాల వెనుక, కొన్ని పుస్తకముల వెనుక దాగి ఉన్నవి. వాటిని వెదకి ఆర్పుటకు ఇరువది నిమిషములు పట్టినది. వెలుగు అవసరము లేక వెలుగుతున్నది. ఆర్పే సాధనము ఉండియు మరుగున పడి ఉన్నది. ఆనాటి నుండి రోజెన్‌ఫెల్డ్ తన పరిశోధనను శక్తి సామర్థ్యమువైపు మరలించినాడు. 2017లో మరణించే వరకు ఆ కృషి సాగినది. ఆయనవంటివారి కృషివలన వచ్చిన ప్రమాణములు అమెరికాలో ఇంటి రిఫ్రిజిరేటర్లు వాడే విద్యుత్తును మూడు దశాబ్దములలో సుమారు నాల్గవవంతుకు దించినవి. అదే కాలములో ఆ పెట్టెలు మరింత పెద్దవైనవి కూడ. వత్తిని తగ్గించకుండానే నూనె మిగుల్చవచ్చునని ఈ ఫలితము లోకమునకు చూపినది.

మన దేశములో 1978లో పెట్రోలియము పొదుపు పరిశోధనా సంఘము ఏర్పడినది. 2001లో పార్లమెంటు శక్తి పొదుపు చట్టము చేసినది. దాని ననుసరించి 2002 మార్చి 1న శక్తి సామర్థ్య సంస్థ ఆరంభమైనది. 2006 నుండి విద్యుత్పరికరములపై నక్షత్రముల చీటీ కనబడుతున్నది. ప్రతి సంవత్సరము డిసెంబరు 14వ తేదీని జాతీయ శక్తి పొదుపు దినముగా పాటిస్తున్నారు.

దీపము చౌక అయిన కథ

1962లో అమెరికాలో నిక్ హోలొన్యాక్ ఎర్రని వెలుగునిచ్చే ఎల్.ఇ.డి. దీపమును తయారుచేసినాడు. ఇందులో తంతువును కాల్చుట లేదు. అర్ధవాహక స్ఫటికములో ఎలెక్ట్రానులు ఒక శక్తిస్థాయి నుండి మరొక దానికి దిగునప్పుడు వెలుగు పుడుతుంది. తెల్లని వెలుగు కావాలంటే నీలి వెలుగు అవసరము. అది ముప్పది సంవత్సరములు చిక్కలేదు. జపానులో అకసాకి, అమానో, నకమురా అనే శాస్త్రజ్ఞులు 1990ల తొలి సంవత్సరములలో ప్రకాశవంతమైన నీలి దీపమును సాధించినారు. వారికి 2014లో భౌతికశాస్త్రములో నోబెల్ బహుమానము లభించినది.

ఆ 2014లోనే ఆంధ్ర ప్రదేశ్‌లోని గుంటూరు, అనంతపురము, శ్రీకాకుళము, పశ్చిమ గోదావరి జిల్లాలలో పాత బల్బులు తీసుకొని, ఒక్కొక్కటి పది రూపాయలకే ఇంటికి రెండు ఎల్.ఇ.డి. బల్బులు ఇచ్చే పథకము మొదలైనది. 2015 జనవరిలో ఉజాలా పథకము దేశవ్యాప్తమైనది. పెద్దమొత్తములో ఒకేసారి కొనుటవలన ప్రభుత్వ సంస్థకు ఒక్కొక్క బల్బు ధర 310 రూపాయల నుండి రెండు మూడు సంవత్సరములలో 38 రూపాయలకు దిగినది. ఈ పథకము క్రింద 36 కోట్లకు పైగా బల్బులు పంపిణీ అయినవి.

నేటి 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు సుమారు 900 ల్యూమెనులు ఇస్తుంది. లాంతరు ఒక వాట్టుకు ఇచ్చిన వెలుగుతో పోల్చితే ఇది సుమారు ఆరు వందల రెట్లు. విద్యుత్కేంద్రములో బొగ్గు శక్తిలో మూడవవంతు మాత్రమే విద్యుత్తుగా మారుతుంది కనుక ఆ నష్టమును కలుపుకొన్నను, రెండు వందల రెట్లు తేడా ఉన్నది. పాఠశాల గోడల మీద నేటికీ కనబడే "దీపములు ఆర్పండి" అనే హెచ్చరిక లాంతరు కాలములోను, తంతువు బల్బు కాలములోను పుట్టినది. ఆ మాట తప్పు కాదు. కాని దానితోనే పొదుపు ముగిసినది అనుకొనుట తప్పు.

ఒక గది లెక్క

వీపనగండ్ల నుండి వనపర్తికో, కొల్లాపురమునకో, హైదరాబాదుకో చదువుకు పోయి వసతిగృహములో ఉండే విద్యార్థి ఒక రోజులో ఎంత శక్తి వాడునో చూడవచ్చును. 9 వాట్ల దీపము 5 గంటలు వెలిగితే 0.045 యూనిట్టు. చేతి ఫోనుకు ఒకసారి చార్జింగు సుమారు 0.025 యూనిట్టు. 50 వాట్ల లాప్‌టాపు 4 గంటలు నడిస్తే 0.2 యూనిట్టు. ఇస్త్రీపెట్టె పదిహేను నిమిషములు వాడితే 0.2 యూనిట్టు. 75 వాట్ల పాత సీలింగు ఫ్యాను 10 గంటలు తిరిగితే 0.75 యూనిట్టు. 15 లీటర్ల బక్కెట్టు నీటిని 25 డిగ్రీల నుండి 45 డిగ్రీలకు వేడి చేస్తే 0.35 యూనిట్టు. మొత్తము సుమారు 1.57 యూనిట్లు.

ఈ మొత్తములో దీపము, ఫోను కలిసి నూటికి అయిదు పాళ్లు కూడ లేవు. ఫ్యాను సగము, వేడినీరు అయిదవవంతుకు పైన. ఒక బక్కెట్టు వేడినీటికి పట్టే విద్యుత్తుతో ఆ దీపమును రాత్రికి అయిదు గంటల చొప్పున దాదాపు ఎనిమిది రాత్రులు వెలిగించవచ్చును. ఆ బక్కెట్టు వేడెక్కుటకు జూరాల వద్ద సుమారు 7,000 లీటర్లు, అనగా నాలుగు వందల అరవైకి పైగా బక్కెట్ల నీరు క్రిందికి పడవలెను. వేడి ఎంత ఖరీదైనదో ఇంతకంటె స్పష్టముగా చెప్పే ఉదాహరణము లేదు.

కనుక పొదుపు ఎక్కడ మొదలు కావలెనో లెక్కయే చెబుతున్నది. పాలమూరు ఎండలలో సంవత్సరములో చాల నెలలు చన్నీటి స్నానమునకు అడ్డు లేదు. వసతిగృహముల మీద సూర్యరశ్మితో నీరు కాచే పరికరము అమర్చితే చలికాలపు కరెంటు కూడ మిగులుతుంది. పాత ఫ్యానుకు బదులు బ్రషులు లేని డి.సి. మోటారు గల ఫ్యాను పెట్టితే సుమారు 30 వాట్లతో అదే గాలి వస్తుంది. పది గంటలకు 0.45 యూనిట్టు మిగులుతుంది. దీపమును పూర్తిగా ఆర్పివేసినా మిగిలేదానికి ఇది పది రెట్లు. 2023 జనవరి నుండి సీలింగు ఫ్యానులకు నక్షత్రముల చీటీ తప్పనిసరి అయినది గనుక కొనేవారు చూచి ఎంచుకొనవచ్చును. ఫ్యానును గదిలో ఎవరును లేనప్పుడు ఆపుట అన్నిటికంటె సులభము; ఫ్యాను గదిని చల్లబరచదు, మనిషి చెమటను ఆరుస్తుంది. మనిషి లేనిచోట దాని పని ఏమియు లేదు.

ఎయిర్ కండిషనరు ఉన్న గది లెక్క వేరు. అది సగటున ఒక కిలోవాట్టు చొప్పున 8 గంటలు నడిస్తే 8 యూనిట్లు. పై విద్యార్థి అయిదు రోజుల ఖర్చు ఒక్క రాత్రిలో అయిపోతుంది. 2020 జనవరి 1 నుండి ఈ పరికరములు మొదట 24 డిగ్రీల వద్ద నడిచేటట్లు నిర్ణయించినారు. ఒక్కొక్క డిగ్రీ పెంచితే నూటికి ఆరు పాళ్ల విద్యుత్తు మిగులుతుందని అంచనా. వెనుకటి కట్టడముల మందపు గోడలు, ఎత్తైన కప్పులు, వసారాలు ఈ పనిని కొంతవరకు కరెంటు లేకుండానే చేసినవి. వనపర్తి సంస్థానాధీశుల భవనములో 1959లో వెలసిన పాలిటెక్నిక్కు విద్యార్థులకు అట్టి కట్టడము కళ్ల ఎదుటనే ఉన్నది.

ఇంటి నుండి కళాశాలకు వచ్చిపోయే విద్యార్థి లెక్కలో అన్నిటికంటె పెద్ద అంకె గదిలో ఉండదు, దారిలో ఉంటుంది. మోటారు సైకిలు లీటరుకు 60 కిలోమీటర్లు పోతే, రానుపోను 60 కిలోమీటర్లకు ఒక లీటరు పెట్రోలు. అందులోని ఉష్ణశక్తి సుమారు 9 యూనిట్లు. ఆర్టీసీ బస్సు ఎక్కినవాడు, దగ్గరి దూరములకు సైకిలు తొక్కినవాడు దీపములు ఆర్పి సంవత్సరములో మిగిల్చేదానిని కొద్ది రోజులలోనే మిగుల్చుతాడు.

జెవన్సు హెచ్చరిక

పరికరములు మెరుగైతే చాలునా? 1865లోనే ఇంగ్లీషు ఆర్థికశాస్త్రజ్ఞుడు విలియం స్టాన్లీ జెవన్సు బొగ్గుపై వ్రాసిన గ్రంథములో ఒక వింత విషయమును చూపినాడు. ఆవిరి యంత్రములు తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేయగలిగిన కొద్దీ ఇంగ్లండులో బొగ్గు వాడుక తగ్గలేదు, పెరిగినది. శక్తి చౌక కాగానే దానికి కొత్త పనులు పుట్టుకొని వచ్చినవి. దీపము విషయములోను ఇదే జరిగినది. ఇంటికి ఒక్క ప్రమిద ఉన్నచోట నేడు గదికి రెండు దీపములు, గోడకు, గేటుకు, మిద్దెకు మరికొన్ని వెలుగుతున్నవి.

అందుచేత పొదుపునకు రెండు కాళ్లు ఉన్నవి. ఒకటి మెరుగైన పరికరము. అది శాస్త్రజ్ఞుని, ఇంజనీరుని పని. రెండవది ఎంత చాలునో ఎరుగుట. అది వాడుకొనేవాని పని. ఆముదపు దీపము నాడు రెండవది మాత్రమే ఉన్నది, అదియు పేదరికముచేత వచ్చినది. నేటి విద్యార్థికి రెండును అందుబాటులో ఉన్నవి. చదువును, సౌఖ్యమును వదులుకొనే అవసరము లేకుండానే తన వాడుకను సగము వరకు తగ్గించుకొనగలడు.

ఉపాధ్యాయులు ఈ లెక్కలను తరగతిలో చేయించవచ్చును. ప్రతి విద్యార్థి తన ఇంటిలోని పరికరముల మీద వ్రాసి ఉన్న వాట్లను, అవి నడిచే గంటలను ఒక వారము వ్రాసికొని, మొత్తమును మీటరులోని అంకెతో సరిచూడవలెను. ఆ తరువాత ఆ యూనిట్లను జూరాల వద్ద పడే నీటిగా మార్చి చూడవలెను. స్థితిజశక్తి, విశిష్టోష్ణము, విద్యుత్సామర్థ్యము అనే మూడు పాఠములు ఈ ఒక్క లెక్కలో కలసి వస్తవి. కృష్ణ ఒడ్డున పుట్టిన పిల్లలకు ఈ లెక్క ఇంకొక సంగతిని కూడ తెలుపుతుంది. ఆర్పిన ఫ్యాను, మానిన వేడినీటి బక్కెట్టు బిల్లులో రూపాయలుగా మాత్రమే మిగలవు. వాటిలో కొంత పాలు నదిలో నిలిచిన నీరు, గనిలో మిగిలిన బొగ్గు. మరొక జలాశయము కోసము మరొక ఊరు ఖాళీ చేయవలసిన అవసరమును కొంత వెనుకకు నెట్టిన పని.